అక్కయ్య నడుమూ, మేనల్లుడి స్ప్రింగులూ

ముప్ఫై రెండేళ్ళు బస్సు డిపోలో కమానుకట్టల కింద వెల్లకిలా పడుకుని అన్నం సంపాదించుకున్నవాణ్ణి నేను. అంచేత మా బంధువర్గంలో ఎవరు కారు కొన్నా, స్కూటరు కొన్నా, ఆఖరికి కుట్టుమిషను కొన్నా, "ఒకసారి నువ్వు చూసి సరేనంటే బాగుంటుంది" అంటారు. అలా అడిగించుకోవడంలో వున్న సుఖం అంతా యింతా కాదు. కాని ఆ "సరే"కి పూచీపడవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని ఖరీదు. ఈ వారం నా సంగతి అదే. మీ యింట్లో కూడా వేగంగా పోయే కారూ, దాన్ని యింకా వేగంగా పోనివ్వాలని సరదాపడే కుర్రాడూ వుంటే, కొంచెం ఓపికపట్టి చదవండి.

మా మేనల్లుడు, అంటే మా అక్కయ్య కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం. పోయిన ఏడాది ఒక కారు కొన్నాడు. కంపెనీ పేరు చెబితే ప్రకటన అనుకుంటారు గనక చెప్పను. చూడడానికి సంసారపక్షంగా వుంటుంది గాని, ముందు భాగంలో లీటరున్నర టర్బో ఇంజనూ, అందులో 150 గుర్రాల బలమూ వున్నాయి. ఆదివారం తెల్లవారకముందే లేచి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మలుపుల మీదికి తీసుకుపోతాడు. ఏడాదికొకసారి మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై పందెపు బాట మీద కూడా తిప్పి వస్తాడు. అది వాడి తీర్థయాత్ర.

వాడికొక్కటే బాధ. "మలుపులో పల్లకీలా ఒరిగిపోతోంది మావయ్యా!" అని. ఒకరోజు పూతరేకుల పొట్లంతో సహా మా యింటికొచ్చి, సెల్‌ఫోనులో బొమ్మలు చూపించాడు. నేలకు బల్లిలా అతుక్కుపోయిన కార్లు! వాడి పథకం యిదీ: పాత స్ప్రింగులు తీసేసి, బండిని 35 మిల్లీమీటర్లు కిందికి దించే పొట్టి స్ప్రింగులు వెయ్యడం. అవి పాతవాటికన్నా 30 శాతం గట్టివి. షాక్ అబ్సార్బర్లు పాతవే. చక్రాలు 16 అంగుళాలవి తీసేసి 17 అంగుళాలవి. "నీ అంతటివాడు సరేనంటే చాలు మావయ్యా" అన్నాడు.

నాకు తెలుసు. స్ప్రింగు మార్చినవాడు షాక్ అబ్సార్బరు సంగతి చూడకపోతే ఏమవుతుందో, మా డిపోలో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి కూడా తెలుసు. కాని పూతరేకు నోట్లో వుంది. వాడి మొహం దీపావళినాటి మొహంలా వెలిగిపోతోంది. "నీ యిష్టంరా" అన్నాను. మన యిళ్ళలో "నీ యిష్టం" అనేది, తెలిసీ తగువు తెచ్చుకోవడం యిష్టంలేనివాళ్ళ మాట.

వేయించాడు. బండి నిజంగానే ముచ్చటగా తయారైంది. ఔటర్ రింగురోడ్డు మీద నున్నగా పోయింది. చక్రం యిలా తిప్పగానే అలా తిరిగింది. "చూశావా!" అన్నాడు. చూశాను. నేనూ చాలా బాగుందనే అన్నాను.

తర్వాత పదిహేను రోజులకి మా అక్కయ్య తెనాలి నుంచి వచ్చింది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. సికింద్రాబాదు స్టేషనులో దించుకున్నాం. డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు ఆవకాయ జాడీలు, కొబ్బరికాయలు. వెనక సీటులో అక్కయ్యా, కోడలూ. ముందు నేను. దారి పొడుగునా ఊళ్ళో కబుర్లు. మరో రెండు నిమిషాలలో యిల్లు చేరతామనగా, కాలనీ మొగలో వున్న స్పీడు బ్రేకరు చీకట్లో మావాడికి కనపడలేదు. వేగం యేమంత ఎక్కువ లేదు, ముప్ఫైకి అటూయిటూ. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కినప్పుడు "ధడ్" మన్నది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. స్ప్రింగు పని అయిపోయి, ఇనుము రబ్బరు దిమ్మకి గుద్దుకుంటే వచ్చే చప్పుడు. ఆ వెంటనే వెనకనుంచి "అమ్మా" అని చిన్న మూలుగు వినపడింది.

ఆ రాత్రి అక్కయ్య పక్కమీద అటునుంచి యిటు తిరగలేకపోయింది. మర్నాడు ఎక్స్‌రే తీశారు. నడుముపైన ఒక వెన్నుపూస నొక్కుకుపోయిందన్నారు. వయసు మీద ఎముకలు గుల్లబారి వుంటాయి గనక, పడకపోయినా యిలాంటి కుదుపు చాలునట. నరాలకు దెబ్బ తగలలేదు, అదే అదృష్టం. నడుముకి బెల్టు, మందులు, కొన్ని వారాలు జాగ్రత్త.

చూడవచ్చిన వాళ్ళందరితోనూ అక్కయ్య ఏమని చెప్పిందో తెలుసా? "స్టేషనులో మెట్టు దిగుతూ జారాను" అని! నాతో మాత్రం, "పిల్లాణ్ణి ఏమీ అనకురా, వాడసలే తిండి మానేశాడు" అన్నది. వాణ్ణి అనడానికి నాకు నోరేదీ? వాడికి తెలియదు. నాకు తెలుసు. తెలిసినవాడిదే కదా తప్పు!

నాలుగోరోజున మావాడు వచ్చి, కారు అమ్మేస్తానన్నాడు. "కారేం చేసిందిరా? చేసింది మనమిద్దరం" అన్నాను. "రా, కాగితం పెన్సిలు తెచ్చుకో. అప్పుడు చెప్పవలసింది యిప్పుడు చెబుతాను." ఆ సాయంత్రం మేం రాసుకున్న లెక్కే మీకూ చెబుతున్నాను.

మొదటిది, స్ప్రింగు. బండి బరువు మోయడం దాని పని అనుకుంటాం. అది సగమే. చక్రం గతుకు ఎక్కినప్పుడు ఆ దెబ్బని మనిషిదాకా రానివ్వకుండా తనలో దాచుకోవడం మిగతా సగం. ఒక స్ప్రింగు ఎంత మెత్తనిదో తెలియాలంటే, బరువు కింద అది ఎంత కుంగిందో చూడాలి. 25 సెంటీమీటర్లు కుంగితే, బండి సెకనుకి ఒక ఊపు ఊగుతుంది. 6 సెంటీమీటర్లే కుంగితే రెండు ఊపులు. మామూలు కార్లని సెకనుకి ఒకటీ ఒకటిన్నర ఊపుల మధ్య వుంచుతారు. నడిచేటప్పుడు మన ఒళ్ళు యించుమించు ఆ లయలోనే ఊగుతుంది గనక అలవాటైపోయింది. కూర్చున్న మనిషి వెన్నుకి అస్సలు సరిపడనిది సెకనుకి నాలుగూ ఎనిమిదీ మధ్య అదురు. ఎద్దుబండి మీద ప్రయాణం చేసినవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ లెక్కల్ని శ్రద్ధగా చూసినవాళ్ళలో మారిస్ ఓలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు ముఖ్యుడు. రోల్స్‌రాయిస్ నుంచి అమెరికా జనరల్ మోటార్సుకి వెళ్ళాడు. 1930ల మొదట్లో, బరువులు అటూయిటూ జరపడానికి వీలున్న ఒక కారు చేయించి, అందులో మనుషుల్ని కూచోబెట్టి తిప్పి పరీక్షించాడు. ఆయన తేల్చినదేమంటే, ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా కాస్త నెమ్మదిగా ఊగాలని. గతుకు ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనక చక్రానికి తర్వాత. వెనకది కొంచెం చురుగ్గా ఊగితే, ఆలస్యంగా బయలుదేరినా ముందుదాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి పడవలా ముందుకీ వెనక్కీ తూగకుండా, బల్లపరుపుగా లేచి బల్లపరుపుగా దిగుతుంది. కంపెనీవాళ్ళు యివన్నీ చూసే స్ప్రింగులు పెడతారు. మనం బజారులో నాలుగు స్ప్రింగులు కొని తగిలించేటప్పుడు, ఆ పొత్తు వుందో పోయిందో అడగను కూడా అడగం.

"అయితే గట్టి స్ప్రింగులే అమ్మ నడుము తీశాయా?" అన్నాడు మావాడు. కాదు, అసలు సంగతి అక్కడే వుంది. 30 శాతం గట్టిదైతే ఊపు 14 శాతమే పెరుగుతుంది. సెకనుకి 1.3 వున్నది 1.5 దగ్గరికి వచ్చింది. అది మనిషికి తెలుస్తుంది గాని, వెన్నుపూసని నొక్కదు. నొక్కింది పొట్టితనం.

వెనక చక్రం పైకి లేచి రబ్బరు దిమ్మకి తగలడానికి ఎంత చోటున్నదో కొలిచాం. పాత స్ప్రింగుల మీద, బండి ఖాళీగా వున్నప్పుడు 80 మిల్లీమీటర్లు. పొట్టివి వేయగానే అందులో 35 పోయి 45 మిగిలింది. ఆ రాత్రి వెనక సీటులో యిద్దరూ, డిక్కీలో బియ్యమూ, ఆవకాయా. ఆ బరువుకి యింకో 20 కుంగింది. మిగిలింది 25! పాత స్ప్రింగులే వుంటే అదే బరువుకి 26 కుంగినా 54 మిగిలేది. స్ప్రింగు దాచుకోగల దెబ్బ, దాని గట్టితనాన్ని ప్రయాణదూరంతో రెండుమార్లు గుణించిన కొద్దీ పెరుగుతుంది. కాబట్టి 54లో మింగిన దెబ్బని 25లోనే మింగాలంటే స్ప్రింగు నాలుగున్నర రెట్లకి పైగా గట్టిది కావాలి. మావాడు వేసింది 1.3 రెట్లు. తక్కినదంతా రబ్బరు దిమ్మ మీద పడింది. దిమ్మ సీటుకిచ్చింది, సీటు అక్కయ్యకిచ్చింది. పైపెచ్చు వెనక సీటు వెనక చక్రాలకి దగ్గర. ముందు కూర్చున్న నాకు చప్పుడే వచ్చింది, దెబ్బ రాలేదు.

మావాడు పెన్సిలు కింద పెట్టేశాడు. "నేనొక్కణ్ణే వున్నప్పుడే నడిపి చూశాను మావయ్యా" అన్నాడు. అదేరా అబ్బాయ్, బండి నడిపేవాడిది మాత్రమే కాదు, కూర్చున్నవాళ్ళందరిదీ. స్ప్రింగు ఎంచుకునేటప్పుడు బండిని నిండుగా నింపి చూడాలి.

మీరూ యీ పరీక్ష చేసుకోవచ్చు. షాక్ అబ్సార్బరు మెరిసే కడ్డీ చుట్టూ ఒక సన్నటి ప్లాస్టిక్ తీగ బిగించి, కిందికంటా జరిపి, మీ మామూలు దారిలో మనుషులతోసహా తిరిగి రండి. కడ్డీ ఎంత లోపలికి వెళ్ళిందో తీగ చెబుతుంది. అది పైన రబ్బరు దిమ్మకి అంటుకుని వుంటే, మీ బండికి చోటు చాలడం లేదన్నమాట.

రెండోది, షాక్ అబ్సార్బరు. ఒకసారి కుంగిన స్ప్రింగు తనంతట తాను ఆగదు, ఉయ్యాలలా ఊగుతూనే వుంటుంది. ఆ ఊపుని నూనెలో చిన్న రంధ్రాల గుండా తోయించి, వేడిగా మార్చి అణిచేది షాక్ అబ్సార్బరు. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే బలం ఎక్కువ. పాత షాక్ అబ్సార్బరు దాన్ని పట్టుకోలేదు. మావాడి బండి 40 వేల కిలోమీటర్లు తిరిగింది, అంటే పాతవి అప్పటికే కాస్త అలిసివున్నాయి. కొండ మలుపుల మీద ఎడతెరిపి లేకుండా పనిచేస్తే నూనె వేడెక్కి, గాలితో కలిసి నురగ కడుతుంది. నురగ దేన్నీ ఆపదు. మంచి రకాల్లో నూనెకీ గ్యాసుకీ మధ్య అడ్డు బిళ్ళ పెట్టి, నురగ కట్టకుండా చేస్తారు. అందుకే, వున్న డబ్బు ఒక్కదానికే సరిపోయేట్టయితే, స్ప్రింగులకి కాదు, షాక్ అబ్సార్బర్లకి పెట్టమంటాను.

మూడోది వింటే మావాడికి ఒళ్ళు మండింది. ముందు చక్రాలకి వున్నది మెక్‌ఫర్సన్ పద్ధతి. 1940లలో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించినది, ఇవాళ నూటికి ఎన్నో కార్లకి అదే. అందులో చక్రాన్ని పట్టుకునే కింది చెయ్యి నేలకి యించుమించు సమంగా వుండాలి. బండిని బాగా దించితే ఆ చెయ్యి పైకి వాలుతుంది. అప్పుడు బండి ఏ కేంద్రం చుట్టూ ఒరుగుతుందో, ఆ కేంద్రం బండి బరువుకన్నా ఎక్కువ కిందికి పోతుంది. అంటే ఒరగడానికి ఆసరా పెరుగుతుంది! ఒరుగుడు తగ్గించాలని దించితే, కొనుక్కున్న గట్టితనంలో కొంత ఆ నష్టం పూడ్చడానికే సరిపోయింది. గతుకు మీద చక్రం దానంతటది కాస్త పక్కకి తిరగడం ఒకటి అదనం.

"మరి పందేలవాళ్ళంతా దించుతారేం?" అన్నాడు. వాళ్ళ బాట అద్దంలా వుంటుంది. చేతుల బిగింపులూ కొలతలూ కూడా మారుస్తారు. డిక్కీలో ఆవకాయ జాడీలు వుండవు. అయినా గట్టిదే వేగమని ఎవరన్నారు? 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ కారుకి కాలిన్ చాప్‌మన్ మెత్తని స్ప్రింగులే పెట్టాడు. మలుపుల్లో దాన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. టైరు రోడ్డుని వదలకుండా పట్టుకుని వుంటేనే పట్టు. గతుకు మీద ఎగిరిపడే టైరుకి ఏ పట్టూ వుండదు. అంటే మా అక్కయ్య నడుముకి కావలసినదీ, మావాడి మలుపుకి కావలసినదీ ఒక్కటే: చక్రం కదలడానికి చోటు, ఆ కదలికకి అదుపు.

ఇక మేం చేసిన ఏర్పాటు, వరసగా చెబుతాను.

ముందు చక్రాలు. 17 అంగుళాలవి తీసేసి మళ్ళీ 205/55 ఆర్ 16 టైర్లు, మంచి పట్టున్న రకం వేయించాం. పెద్ద చక్రాల టైరు గోడ ఎత్తు 101 మిల్లీమీటర్లయితే, దీనిది 113. ఆ 12 మిల్లీమీటర్ల గాలే మొదటి స్ప్రింగు. తర్వాత రబ్బరు బుష్షులు చూసి, పగుళ్ళిచ్చినవి రెండు మార్పించాం. మూడు, కంపెనీ స్ప్రింగులు వెనక్కి వచ్చాయి. నాలుగు, ఆ స్ప్రింగుల ఎత్తుకే తయారైన, ఒక మెట్టు గట్టి షాక్ అబ్సార్బర్లు నాలుగూ కొన్నాం. చివర అలైన్‌మెంటు. బండిలో మనిషి బరువు పెట్టి మరీ చేయించాం.

ఎత్తు తగ్గించి పెంచుకునే మరలున్న సెట్టు కొంటే యింకా బాగుండేది కాదా అని మావాడు అడగకపోలేదు. నెలకి నాలుగుసార్లు పందెపు బాటకి పోయేవాడికి అది తగినదే. మావాడు పోయేది ఏడాదికొకసారి. మిగిలిన 364 రోజులు కూరగాయలకీ, ఆఫీసుకీ. వెనక అదనంగా ఒరుగుడు కడ్డీ కూడా వద్దన్నాను. ఈ బండి వెనక ఇరుసు మెలితిరిగే దూలం, సగం ఆ పని అదే చేస్తుంది. ఇంకా బిగిస్తే వానలో వెనక భాగం జారే ప్రమాదం వుంది. ముందు దీనితో ఒక వర్షాకాలం నడిపి చూసి, అప్పుడు ఆలోచించమన్నాను.

ఇంకో మాట. చట్టం కూడా వుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు తయారీదారు యిచ్చినవాటికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. కాబట్టి ఏ మార్పుకైనా ముందు రవాణా ఆఫీసులోనూ, ఇన్సూరెన్సువాళ్ళనీ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ప్రమాదం జరిగాక అడిగితే జవాబు వేరుగా వుంటుంది.

ఆ కాలనీ స్పీడు బ్రేకరుని కూడా వదల్లేదు. టేపు పట్టుకువెళ్ళి కొలిచాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోయినా మనిషికి బాధ వుండకూడదు. ఇక్కడున్నది వెడల్పు రెండడుగులు, ఎత్తు 16 సెంటీమీటర్లు. సున్నం గీత కూడా లేదు. కాలనీ పెద్దాయన్ని అడిగితే, "గట్టిగా తగిలితేనే గదండీ నెమ్మదిగా పోతారు" అన్నాడు. "మా అక్కయ్య ఎక్స్‌రే చూపిస్తాను, వస్తారా?" అన్నాను. ఆయన వచ్చాడు, చూశాడు. మర్నాటికి తెల్లగీతలు వేయించాడు. ఎత్తు తగ్గించే సంగతి వచ్చే మీటింగులో పెడతానన్నాడు.

పదకొండు వారాలకి డాక్టరు బెల్టు తీసెయ్యమన్నారు. అక్కయ్య మొదటి కోరిక ఏమిటో తెలుసా? అనంతగిరి మీద అనంతపద్మనాభస్వామిని చూడాలని. కోడలు వద్దన్నది, నేను వద్దన్నాను. "వాడు ఆ కారు ముట్టుకోవడం లేదురా. నేను ఎక్కితేగాని వాడు మళ్ళీ నడపడు" అన్నది అక్కయ్య. డాక్టరుని అడిగితే, ముందు సీటులో, నడుము వెనక దిండు పెట్టుకుని, నెమ్మదిగా పోయి రమ్మన్నారు. వెనక సీటులో, అక్కయ్య వున్న చోటనే, యీసారి నేను కూచున్నాను.

మొగలో స్పీడు బ్రేకరు వచ్చింది. మావాడు ఎంత నెమ్మదిగా తీసుకున్నాడంటే, పక్కనుంచి సైకిలువాడు దాటిపోయాడు. ఎక్కింది, దిగింది. చప్పుడు లేదు. కొండ మలుపుల్లో వాడు యేమీ వేగం చేయలేదు గాని, బండి గీత గీసినట్టు పోయింది. నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే వుంది.

దర్శనం చేసుకుని తిరిగివస్తూ అక్కయ్య అడిగింది, "ఇంతకీ మీరిద్దరూ కారుకేం మార్చార్రా? నాకేమీ తెలియడం లేదే!" అని.

మావాడి మొహం చిన్నబోయింది. వేలకు వేలు పోసి, రెండు శనివారాలు షెడ్డులో గడిపి, కడపటికి ఏమీ తెలియడం లేదంటే బాధే మరి. నేను వెనకనుంచి వాడి భుజం తట్టాను.

"ఒరేయ్, ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో యింతకన్నా మంచి సర్టిఫికెట్టు నాకెవరూ యివ్వలేదు. దాచుకో" అన్నాను.